కొన్న ఇంట్లో వైరింగ్ అంతా ఎవరో సొంతంగా చేసుకున్నది: ఎక్కడ మొదలుపెట్టాలి?

గడప_దాటాక
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఒక పాత ఇల్లు కొనుక్కుని చేరాం. వైరింగ్ అంతా కొత్తగా మార్చామని అమ్మినవారు చెప్పారు. మార్చిన మాట నిజమే. కానీ ఆ పని తెలిసినవాళ్లు చేసింది కాదని ఇప్పుడు ఒక్కొక్కటిగా బయటపడుతోంది.

గీజర్ వేసి ఉన్నప్పుడు బాత్రూంలో కుళాయి పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. ఒక గదిలో లైటు స్విచ్ ఆపేసినా హోల్డర్‌లో టెస్టర్ వెలుగుతోంది. ప్లగ్ పాయింట్ ఒకటి వదులుగా ఉందని మూత విప్పి చూస్తే ఎర్త్ పిన్నుకు పచ్చ వైరే రాలేదు. దాని బదులు పక్కనున్న న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి చిన్న ముక్క తెచ్చి తగిలించారు. ఇంకో బోర్డులో ఎర్త్‌కి ఉండాల్సిన పచ్చ వైరునే ఫేజుగా (కరెంటు వచ్చే వైరుగా) వాడారు. ఫాల్స్ సీలింగ్ పైన టేబుల్ ఫ్యాన్లకు ఉండే మెత్తటి వైరు పరిచారు, మధ్యమధ్యలో మెలితిప్పి టేపు చుట్టిన అతుకులున్నాయి. మెయిన్ బోర్డులో ఎంసిబిలన్నీ (కరెంటు మోతాదు మించితే వాటంతటవే పడిపోయి సరఫరా ఆపే స్విచ్‌లు) 32 ఆంపియర్లవే, లైట్ల లైనుకి కూడా. అన్నిటికన్నా భయపెట్టింది ఇది: మెయిన్ స్విచ్ దించేశాక కూడా హాల్లో ఒక సాకెట్‌లో టెస్టర్ వెలిగింది.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వీటిలో ఈ రాత్రే ఆపాల్సినవి ఏవి? మొత్తం వైరింగ్ మార్చాలా, తప్పున్న చోట సరిచేయిస్తే సరిపోతుందా?

పాత_వైర్‌మన్
ముందు గీజర్ ఎంసిబి దించేయండి. గోడమీది స్విచ్ ఆపితే చాలదు. ఆ స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే గీజర్ ఆగిపోయినట్టే కనబడుతుంది, లోపలికి ఫేజు మాత్రం వస్తూనే ఉంటుంది. మీ లైటు హోల్డర్‌లో జరుగుతున్నదీ అదే. రెండు వైర్లలో ఏది తెంపినా బల్బు ఆరుతుంది కాబట్టి ఆ పని చేసినవారికి తేడా తెలియలేదు. స్టూలెక్కి బల్బు మార్చేవాళ్లకు తెలుస్తుంది. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి.

కుళాయి జిల్లుమంటోందంటే గీజర్ ఎలిమెంట్ నుంచి కొంత కరెంటు లీకవుతోంది. సరైన ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోవాలి. పోవడం లేదంటే ఎర్త్ లేకపోయినా ఉండాలి, ఆ ఎర్త్ వైరుని నీళ్ల పైపుకి చుట్టయినా ఉండాలి. నాకు రెండోదే అనుమానం. ఇనప పైపులు నేరుగా భూమిలోకి దిగే రోజుల్లో అలా చుట్టేవాళ్లు. తర్వాత ఎప్పుడో మధ్యలో ఒక ముక్క ప్లాస్టిక్ పైపు వేస్తే దారి తెగిపోతుంది. అప్పుడు లీకైన కరెంటంతా కుళాయిల మీదే నిలబడి ఉంటుంది.

ఈ రాత్రికి గీజర్, వాషింగ్ మెషీన్, ఎర్త్ పిన్నుకు న్యూట్రల్ కలిపిన సాకెట్, సీలింగ్ పైన ఉన్న లైను, ఇవన్నీ వాడకండి. వీలైతే వాటి ఎంసిబిలు దించి టేపు వేయండి, ఇంట్లో ఇంకొకరు తెలియక మళ్లీ ఎత్తకుండా.

ఇన్వర్టర్_అనుభవం
మెయిన్ దించినా సాకెట్‌లో ఫేజు ఉందన్నారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే కారణం అదే కావచ్చు. మెయిన్ దించడం అంటే ఇన్వర్టర్ దృష్టిలో కరెంటు పోవడమే. అది వెంటనే బ్యాటరీ నుంచి సరఫరా మొదలుపెడుతుంది. ఇంట్లో పనిచేసేవాళ్లకు ఇది చాలా పెద్ద ప్రమాదం. అంతా ఆపేశామనుకుని చెయ్యి పెడతారు.

గడప_దాటాక
ఉందండీ, మెట్ల కింద. అమ్మినవారే వదిలి వెళ్లారు. దాన్ని కూడా ఆపి చూస్తే ఆ సాకెట్‌లో టెస్టర్ వెలగలేదు. అయితే ఆ సాకెట్ ఇన్వర్టర్ లైనులో ఉందని బోర్డుమీద ఎక్కడా రాసి లేదు.

మీటరు_చదువు
టెస్టర్ వెలగకపోవడాన్ని అంత తేలిగ్గా నమ్మకండి. నియాన్ టెస్టర్ పాడై ఉండొచ్చు, పట్టుకున్న తీరు వల్ల వెలగకపోవచ్చు. దీనికి ఎలక్ట్రీషియన్లు పాటించే పద్ధతి ఉంది. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట టెస్టర్ పెట్టి అది పనిచేస్తోందని చూస్తారు. తర్వాత పనిచేయాల్సిన చోట చూస్తారు. మళ్లీ మొదటి చోటికి వెళ్లి టెస్టర్ ఈలోగా చచ్చిపోలేదని చూస్తారు. మూడోది చాలామంది వదిలేస్తారు, కానీ దానికోసమే ఈ పద్ధతంతా.

ఇంకో మాట. ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌నీ మామూలు లైను న్యూట్రల్‌నీ ఏదో ఒక బోర్డులో కలిపేసి ఉండే అవకాశం చాలా ఎక్కువ, ఇలాంటి ఇళ్లలో తరచూ కనబడుతుంది. అలా ఉంటే ఒక లైను ఎంసిబి దించినా, ఇంకో లైను కరెంటు ఆ న్యూట్రల్ గుండా తిరిగి వెళ్తూ ఉంటుంది. మీరు ఆ న్యూట్రల్‌ని విప్పిన క్షణంలో విప్పిన కొసకు 230 వోల్టులు వస్తాయి. కాబట్టి మీరే స్వయంగా బోర్డులు విప్పడం ఇక ఆపేయండి.

సందేహాల_పుట్ట
ఒక ప్రశ్న, తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలపడం అంత పెద్ద తప్పా? కొన్ని సరఫరా పద్ధతుల్లో ఇంటికి కరెంటు వచ్చే చోట ఆ రెండూ కలిసే ఉంటాయి కదా. సాకెట్ దగ్గర కలిపితే తేడా ఏముంది?

మీటరు_చదువు
మంచి ప్రశ్న. కొన్ని పద్ధతుల్లో సరఫరా ఇంట్లోకి వచ్చే చోట ఆ రెండిటినీ కలుపుతారు, నిజమే. కానీ ఆ ఒక్క చోటే. అక్కడినుంచి లోపలికి రెండూ వేర్వేరు వైర్లుగా రావాలి, మళ్లీ ఎక్కడా కలవకూడదు.

సాకెట్ దగ్గర కలిపితే ఏమవుతుందో చూడండి. న్యూట్రల్ వైరులో రోజూ కరెంటు నడుస్తుంది. ఎక్కడో ఒక స్క్రూ వదులై ఆ న్యూట్రల్ తెగిందనుకోండి. ఫ్రిజ్ లోపలి మోటారు గుండా వచ్చిన ఫేజు వెనక్కి పోవడానికి దారి లేదు. ఆ ముక్క వైరు మీదుగా అది ఎర్త్ పిన్నుకు, అక్కడినుంచి ఫ్రిజ్ బాడీకి చేరుతుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు, అయినా దాని తలుపుమీద 230 వోల్టులుంటాయి. అసలు ఎర్త్ లేని సాకెట్‌లో బాడీకి కరెంటు రావాలంటే ముందు ఆ వస్తువు పాడవ్వాలి. ఇక్కడ ఏదీ పాడవ్వనక్కర్లేదు, ఒక స్క్రూ వదులైతే చాలు. అందుకే ఎర్త్ లేకపోవడం కన్నా ఇది ఎక్కువ ప్రమాదం.

సందేహాల_పుట్ట
ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదండి. మా ఇంట్లో కూడా చూపిస్తాను.

ఒక్కమాట
ఇంత ఆలోచన ఎందుకండీ, మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సిసిబి (కరెంటు లీకైతే పసిగట్టి సరఫరా ఆపే స్విచ్) ఒకటి పెట్టించేయండి. షాక్ కొడితే ప్రాణం మీదకు రాకముందే పడిపోతుంది. తక్కువ ఖర్చు, ఒక పూట పని.

పాత_వైర్‌మన్
ఆర్‌సిసిబి కచ్చితంగా పెట్టాల్సిందే. కానీ ఈ ఇంట్లో ఇప్పుడున్న వైరింగ్ మీద పెడితే ఏమవుతుందో చెప్తాను. ఆర్‌సిసిబి ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపినచోట్ల తిరిగొచ్చే కరెంటులో కొంత ఎర్త్ దారిన పోతే అది పడిపోతుంది. అవతలి లైను న్యూట్రల్ ఇవతలి లైనులో కలిసినా పడిపోతుంది. రోజూ పడిపోతుంటే విసుగొచ్చి ఇంట్లోవాళ్లు దాన్ని తీయించేస్తారు, లేదా పక్కనుంచి వైరు వేయించేస్తారు. ఇలా పక్కకి తప్పించిన ఆర్‌సిసిబిలు ఎన్నో చూశాను. పైకి చూస్తే బోర్డులో ఉంటుంది, లోపల దానికి పనే ఉండదు.

ఇంకా అది చూడలేనివి ఉన్నాయి. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే దాని లెక్కలో మీరూ ఒక బల్బే. వైరు మీద లోడ్ ఎక్కువై వేడెక్కినా దానికి తెలియదు. టేపు చుట్టిన అతుకులో నిప్పురవ్వలు వస్తున్నా తెలియదు.

ఒక్కమాట
సరేనండి, ఆ న్యూట్రల్ సంగతి నాకు తట్టలేదు. అయితే ముందు అవి విడదీసి, తర్వాత పెట్టాలన్నమాట.

నాలుగో_అంతస్తు
నాకు ఎంసిబి విషయం అర్థం కాలేదు. 32 ఆంపియర్లది ఉంటే మంచిదే కదా, చీటికీమాటికీ పడిపోదు. మా ఇంట్లో మోటారు వేసినప్పుడల్లా పడిపోతోందని పెద్దది వేయమని ఒకరు చెప్పారు.

మీటరు_చదువు
దయచేసి వేయించకండి. ఎంసిబి ఉన్నది వస్తువుని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడటానికి. వైరు మందాన్ని బట్టి ఎంసిబి ఎంచుకోవాలి.

లైట్లకు మామూలుగా ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు. పైపులో, గోడలోపల, చుట్టూ ఇంకో నాలుగు వైర్లతో కలిసి ఉన్నప్పుడు అది సుమారు 14, 15 ఆంపియర్లకు మించి మోయలేదు. అందుకే దానికి 6 లేదా 10 ఆంపియర్ల ఎంసిబి పెడతారు. ఇప్పుడు 32 ఆంపియర్లది పెట్టారనుకోండి. ఎంసిబి తన మీద రాసిన అంకె దాటగానే పడిపోదు. ప్రమాణాల ప్రకారం దానికి 1.45 రెట్లు, అంటే 46 ఆంపియర్లు నడిచినా గంటలోపు పడిపోతే చాలు. 30 ఆంపియర్లయితే ఎప్పటికీ పడిపోదు. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15కి బదులు 30 నడిస్తే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. మామూలు పివిసి తొడుగు ఎప్పుడూ తట్టుకోగల ఉష్ణోగ్రత 70 డిగ్రీలు. ఆ పైన అది కొద్దికొద్దిగా గట్టిపడి, పెళుసై, పగులుతుంది. ఇదంతా గోడలోపల, ఎవరికీ కనబడకుండా జరుగుతుంది.

మీ మోటారు సంగతి వేరు. మోటారు మొదలయ్యేటప్పుడు కాసేపు చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. బి రకం ఎంసిబి 3 నుంచి 5 రెట్లకే వెంటనే పడిపోతుంది. సి రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఆగుతుంది. అంకె పెంచకుండా రకం మార్చితే సరిపోవచ్చు. కానీ మోటారు బేరింగ్ పట్టేసి ఎక్కువ కరెంటు లాగుతోందేమో ముందు చూపించండి.

అల్యూమినియం_తీగ
సీలింగ్ పైన అతుకుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. గడప_దాటాక గారూ, అక్కడ పాత వైరు తెల్లగా, వెండి రంగులో ఉందా? ఉంటే అది అల్యూమినియం కావచ్చు. దానికి రాగి వైరు నేరుగా మెలితిప్పి ఉంటే అదే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మంట ప్రమాదం అంటాను. ఆ రెండు లోహాలూ వేడికి ఒకేలా సాగవు. లోడ్ పడ్డప్పుడల్లా సాగి, ఆగినప్పుడల్లా ముడుచుకుని అతుకు వదులవుతుంది. అల్యూమినియం మీద గాలి తగలగానే ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటుని సరిగా పోనివ్వదు. తేమ కూడా ఉంటే లోహమే తినేసుకుపోతుంది. వదులైన అతుకు వేడెక్కుతుంది, వేడెక్కిన అతుకు ఇంకా వదులవుతుంది. ఎంసిబికి ఇది కనబడదు, ఎందుకంటే కరెంటు మోతాదు మించలేదు. ఆర్క్ (అతుకులో ఎగిరే నిప్పురవ్వ) పసిగట్టే పరికరాలు వేరే ఉన్నాయి, అవి చాలా ఇళ్లలో ఉండవు.

కాలిన ప్లాస్టిక్ వాసన, స్విచ్ ప్లేటు పసుపు రంగుకు తిరగడం, బోర్డులోంచి చిటపట శబ్దం, ఏదైనా వేస్తే లైట్లు తగ్గిపోవడం, వీటిలో ఒక్కటి కనబడినా అదే క్షణం మెయినూ ఇన్వర్టరూ ఆపేయండి. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.

గడప_దాటాక
అందరికీ చాలా కృతజ్ఞతలు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇల్లంతా పరీక్ష చేయించాను. మీరు అనుకున్నవన్నీ నిజమే, కొన్ని ఇంకా ఘోరం.

పాత_వైర్‌మన్ గారూ, గీజర్ వెనక పచ్చ వైరుని పైపుకి చుట్టి ఉంది. ట్యాంకు దగ్గర పైపు ప్లాస్టిక్‌ది. అంటే ఇంట్లో ఉన్న ఇనప కుళాయిలన్నిటికీ ఆ లీకేజీ పాకుతోంది.

మిగతా గదుల్లో పచ్చ వైర్లు ఉన్నచోట చూస్తే, అవన్నీ మెయిన్ బోర్డు వెనక గోడలో కత్తిరించి వదిలేసి ఉన్నాయి. ఎర్త్ గొయ్యి (ఎర్త్ వైరుని భూమికి కలిపే చోటు) అసలు లేదు. సాకెట్ విప్పి చూసినవాడు పచ్చ వైరుంది, ఎర్త్ ఉందనుకుంటాడు. దాని రెండో కొస గాల్లో ఉంది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు దీనివల్ల ఏ తేడా తెలియలేదు, ఎందుకంటే ఎర్త్ లేకపోయినా ఫ్రిజ్ చల్లబడుతుంది, మిక్సీ తిరుగుతుంది.

500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటుని ఎంత బాగా ఆపుతోందో కొలిచే పరికరం) ఇన్సులేషన్ చూశారు. కనీసం 1 మెగాఓమ్ ఉండాలట. వంటింటి లైనులో 0.2 వచ్చింది. అక్కడ వైరుని పైపు లేకుండా నేరుగా ప్లాస్టరులో పూడ్చారు. అది కూడా బోర్డు నుంచి సాకెట్‌కి ఏటవాలుగా. అల్యూమినియం లేదు, అదొక్కటే ఊరట.

ఆయన మాట: అతుకులేసుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదు, మొత్తం మార్చడమే మేలు. మాకూ అదే సరైనదనిపించింది. కానీ ఇంట్లో ఉంటూనే చేయించాలి. వరుస ఎలా పెట్టుకోవాలి?

మేడమీద_గది
ఏటవాలుగా వేసిన వైరు గురించి ఒక హెచ్చరిక. వైరు ఎప్పుడూ బోర్డు నుంచి నిలువుగా గానీ అడ్డంగా గానీ తిన్నగా పోతుందని నమ్మి మనం గోడకు మేకు కొడతాం, డ్రిల్ వేస్తాం. మీ ఇంట్లో ఆ నమ్మకం పనికిరాదు. పని పూర్తయ్యేదాకా ఏ గోడకీ అల్మారా, ఫోటో ఏదీ తగిలించకండి. పాత వైర్లను గోడలోనే వదిలేస్తే రెండు కొసలూ సరఫరా నుంచి విడదీశారని మీ కళ్లతో చూడండి.

పాత_వైర్‌మన్
వరుస నేనైతే ఇలా పెడతాను. మొదట ఎర్తింగ్ వేయించి, కొత్త మెయిన్ బోర్డు పెట్టించండి. పాత లైన్లలో ఒక్కటి కూడా కొత్త బోర్డుకి కలపనివ్వొద్దు. బోర్డు నుంచి ఆర్‌సిసిబితో ఒక తాత్కాలిక లైను తీసి, రెండు మూడు సాకెట్లు బయటకు కనబడేలా పెట్టించుకోండి. ఫ్రిజ్, లైట్లు, ఫోన్ ఛార్జింగ్ దానిమీద నడిచిపోతాయి. తర్వాత బాత్రూం, వంటిల్లు. తడి ఉన్నచోట ఒంటి నిరోధం పడిపోతుంది, అందుకే అవి ముందు. పడక గదులు చివర.

ఆర్‌సిసిబి ఇంటంతటికీ ఒక్కటే కాకుండా రెండు మూడు పెట్టించండి. ఒక్కటే ఉంటే గీజర్ లీకైన రాత్రి ఇల్లంతా చీకటవుతుంది, పిల్లలతో చీకట్లో తడుముకోవాలి. ఇన్వర్టర్ లైనుకి ఫేజూ న్యూట్రల్ రెండూ మొదటినుంచీ విడిగా లాగించండి. ఆ సాకెట్ల మీద ఇన్వర్టర్ అని రాయించండి. మెయిన్ స్విచ్ పక్కన కూడా, ఇన్వర్టర్ విడిగా ఆపాలి అని పెద్ద అక్షరాలతో రాయించండి.

పాత పైపులు బాగున్నచోట వాటిలోంచే కొత్త వైరు లాగొచ్చు, గోడ కొట్టక్కర్లేదు. కానీ పైపు లోపలి జాగాలో 40 శాతానికి మించి వైర్లు నింపనివ్వొద్దు. ఎక్కువ కుక్కితే లాగేటప్పుడే తొడుగు గీసుకుపోతుంది, పైగా వేడి బయటకు పోదు. అతుకు తప్పనిసరైతే జంక్షన్ బాక్సులోనే, అదీ తర్వాత మూత తీసి చూడగలిగే చోట.

అల్యూమినియం_తీగ
పూడ్చకముందు ప్రతి గోడనీ ఫోటో తీయండి. టేపు కొలత పక్కన పెట్టి తీస్తే ఇంకా మంచిది. ఏ ఎంసిబికి ఏ గది, ఏ సాకెట్లు అనే కాగితం బోర్డు తలుపు లోపల అంటించండి.

నీడపట్టు
అమ్మినవారిని అడగరా? కొత్త వైరింగ్ అని చెప్పి అమ్మారంటే ఊరుకోకూడదు.

గడప_దాటాక
ఎలక్ట్రీషియన్ దగ్గర పరీక్ష ఫలితాలు రాతపూర్వకంగా తీసుకున్నాను, విప్పిన ప్రతిచోటా ఫోటోలున్నాయి. వాటితో వకీలుని కలుస్తాం. పని మాత్రం దానికోసం ఆపడం లేదు. ఒక్కటి చెప్పాలి, అమ్మినాయన మోసం చేయాలనుకున్నారని నాకు అనిపించడం లేదు. స్విచ్ వేస్తే బల్బు వెలిగింది, పని సరిగ్గా అయిందని నమ్మారు. ఆయన పిల్లలూ ఆ బాత్రూంలోనే స్నానం చేశారు. అది తలుచుకుంటే కోపం కన్నా భయమే ఎక్కువ వేస్తోంది.

మీటరు_చదువు
కొత్త వైరింగ్ పూర్తయ్యాక సరఫరా ఇవ్వకముందే ఈ పరీక్షలు అడగండి: ప్రతి సాకెట్ నుంచి మెయిన్ బోర్డు దాకా ఎర్త్ తెగకుండా ఉందా, ప్రతి లైనుకీ మెగ్గర్ అంకె ఎంత, ఎర్త్ గొయ్యి నిరోధం ఎంత. సరఫరా ఇచ్చాక ప్రతి స్విచ్ ఫేజు మీదే ఉందా, ఆర్‌సిసిబి పరికరంతో పరీక్షిస్తే ఎన్ని మిల్లీసెకన్లలో పడింది అన్నవి. 30 మిల్లీఆంపియర్ల దగ్గర 300 మిల్లీసెకన్లలోపు పడాలి. మంచివి ఇంకా చాలా ముందే పడతాయి. ఆర్‌సిసిబి మీద ఉండే టెస్ట్ బటన్ ఆ పరికరం కదులుతోందా లేదా అన్నదే చెప్తుంది, మీ ఎర్త్ బాగుందని చెప్పదు. అయినా నెలకోసారి నొక్కండి, ఏళ్ల తరబడి కదలకపోతే లోపల పట్టేస్తుంది.

గడప_దాటాక
ఎర్తింగ్, కొత్త బోర్డు, బాత్రూం, వంటిల్లు అయ్యాయి. వంటింటి లైను ఇప్పుడు మెగ్గర్ మీద 200 మెగాఓమ్ పైన చూపిస్తోంది. కుళాయిల్లో ఏమీ లేదు. గీజర్ ఎలిమెంట్ కూడా మార్పించాం, లోపల పగిలి ఉంది. పడక గదుల పని నడుస్తోంది. చివరిగా ఒక సందేహం: పాత 32 ఆంపియర్ల ఎంసిబిలు కొత్తవాటిలాగే ఉన్నాయి. వాటిని ఎక్కడైనా వాడుకోవచ్చా?

పాత_వైర్‌మన్
వద్దండీ. ఎన్నిసార్లు షార్ట్ సర్క్యూట్ తట్టుకున్నాయో ఎవరికీ తెలియదు, లోపలి కాంటాక్టులు కాలి ఉండొచ్చు. ఇంకొకరు తీసుకెళ్లి వాడకుండా మీటలు విరగ్గొట్టి పాత ఇనుముకి వేసేయండి.